గుర్తుల్లేని దారుల్లో ఒక రోజు: వార్టన్ అడవిలో తప్పిపోకుండా నడవడం ఎలా?

కొండ మీద దారి తప్పినా ఒక ఆధారం ఉంటుంది. పైకి పోతే శిఖరం, కిందికి దిగితే లోయ. దక్షిణ న్యూజెర్సీలోని వార్టన్ స్టేట్ ఫారెస్ట్‌లో ఆ ఆధారం కూడా ఉండదు. సుమారు 1,20,000 ఎకరాల అడవి, అందులో చాలాభాగం సముద్ర మట్టానికి 100 అడుగుల ఎత్తు కూడా దాటదు. ఎటు చూసినా పిచ్ పైన్ చెట్లు, కింద మోకాలెత్తు పొదలు, మధ్యలో తెల్లటి ఇసుక దారులు. ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ తేడా తెలియదు. ఇక్కడి ఇబ్బందంతా కాళ్ళది కాదు, దిక్కులది.

ఎడిసన్ నుంచి కారులో గంటన్నర, ఫిలడెల్ఫియా నుంచి గంట. ఆ ప్రాంతాల తెలుగువాళ్ళలో చాలామంది బాట్‌స్టో గ్రామం దాకా వెళ్ళి, పాత భవనాలు చూసి, చెరువు గట్టున ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. అడవి ఆ తర్వాతే మొదలవుతుంది. ఈ వ్యాసం గుర్తులున్న దారుల్లో కొంత నడిచి, ఇక గుర్తుల్లేని దారుల్లోకి ఒక్క పగటిపూట వెళ్ళి రావాలనుకునే వాళ్ళ కోసం. నడక అలవాటు బొత్తిగా లేనివాళ్ళు ముందు ఈ అడవి గుండా పోయే బటోనా దారితో మొదలుపెట్టాలి. అది 50 మైళ్ళకు పైగా సాగుతుంది, చెట్ల మీద గులాబీ రంగు గుర్తులు ఉంటాయి.

ఈ దారులు ఎవరు వేశారు?

ఇది తెలుసుకోవడం సరదా కోసం కాదు, నడకలో పనికొస్తుంది. 1766లో బాట్‌స్టోలో ఇనుప కొలిమి మొదలైంది. చిత్తడి నేలల్లో దొరికే ఇనుప ఖనిజాన్ని కరిగించడానికి బొగ్గు కావాలి, బొగ్గుకు చెట్లు కావాలి. చెట్లు కొట్టిన చోటుకల్లా బండ్ల బాట పడింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకు ఇనుము పని మూతపడింది, ఊళ్ళు ఖాళీ అయ్యాయి, బాటలు మిగిలాయి. 1876లో ఫిలడెల్ఫియా పారిశ్రామికవేత్త జోసెఫ్ వార్టన్ ఈ భూములు కొనడం మొదలుపెట్టాడు. మన పిల్లలు సీటు కోసం ఆరాటపడే వార్టన్ బిజినెస్ స్కూలు ఆయన పేరు మీద ఉన్నదే. ఇక్కడి నీటిని ఫిలడెల్ఫియాకు తరలించాలని ఆయన ఆలోచన. న్యూజెర్సీ శాసనసభ అడ్డుపడింది. 1950ల మధ్యలో రాష్ట్ర ప్రభుత్వం ఆ భూమిని ఆయన వారసుల నుంచి కొన్నది. ఆ తర్వాత కార్చిచ్చును ఆపడానికి అగ్నిమాపక శాఖ చెట్లు కొట్టి తెరిచిన ఖాళీ బాటలు వీటికి తోడయ్యాయి.

అంటే ఇక్కడి దారుల్లో నడిచేవాళ్ళ కోసం వేసినవి తక్కువ. బొగ్గు బండి ఎక్కడికి పోవాలో దారి అక్కడికే పోతుంది, చెట్లు అయిపోయిన చోట ఆగిపోతుంది. దారి ఉన్నది కదా, ఎక్కడికో ఒకచోటికి చేరుస్తుంది అనే నమ్మకాన్ని ఇంట్లోనే వదిలి రావాలి.

మొదటి పని: హద్దులున్న ముక్కను ఎంచుకోవడం

గుర్తుల్లేని అడవిలో నడకకు సగం పని ముందురోజు రాత్రి బల్ల మీదే అయిపోతుంది. ముందుగా చూడాల్సింది దారులు కావు, హద్దులు. దాటితే తప్పకుండా తెలిసే నది, తారురోడ్డు, వెడల్పాటి ఇసుక రోడ్డు లాంటివి నాలుగు వైపులా ఉన్న ముక్కను వెతకాలి. అప్పుడు లోపల ఎంత తికమకపడినా ఆ పెట్టె దాటి పోలేరు.

వార్టన్‌లో దీనికి నాకు తెలిసిన మంచి చోటు ములికా నదికీ బాట్‌స్టో నదికీ మధ్య ఉన్న త్రికోణం. వాయవ్య మూలన యూఎస్ 206 రోడ్డు మీది అట్సియన్. అక్కడి నుంచి ఆగ్నేయంగా ములికా నది పారుతుంది, అది త్రికోణానికి పడమటి హద్దు. అట్సియన్ నుంచే తూర్పు ఆగ్నేయంగా సుమారు 4 మైళ్ళు క్వేకర్ బ్రిడ్జ్ రోడ్డు అనే ఇసుక రోడ్డు పోతుంది, అది ఉత్తరపు హద్దు. ఆ రోడ్డు చేరే వంతెన కింద బాట్‌స్టో నది, అది తూర్పు హద్దు. రెండు నదులూ దక్షిణాన బాట్‌స్టో గ్రామం దగ్గర దగ్గరవుతాయి. లోపల ఎక్కడ నిలబడినా ఏదో ఒక హద్దు రెండు మైళ్ళలోపే ఉంటుంది.

మొదటిసారికి నేను సూచించే తీరు ఇది. అట్సియన్ కార్యాలయం దగ్గర కారు ఆపి, క్వేకర్ బ్రిడ్జ్ రోడ్డు మీద రెండు మూడు మైళ్ళు నడవాలి. తర్వాత కుడివైపు, అంటే నైరుతి దిశగా దిగే గుర్తుల్లేని ఇసుక దారుల్లో ఒకటి పట్టుకుని ములికా వైపు సాగాలి. తిరిగి రావడానికి ములికా పొడవునా అట్సియన్ దాకా వచ్చే పసుపు గుర్తుల దారి ఉంది. మొత్తం ఏడెనిమిది మైళ్ళు. తెలియని దారి పొద్దున, ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు. తెలిసిన దారి సాయంత్రం, అలిసిపోయినప్పుడు. ఈ వరుసను తలకిందులు చేసేవాళ్ళే ఎక్కువగా చీకట్లో చిక్కుకుంటారు.

ఈ ముక్కలో నడిస్తే 2022 జూన్‌లో చెలరేగిన ములికా కార్చిచ్చు జాడలు కూడా కనిపిస్తాయి. ఆ మంట సుమారు 13,500 ఎకరాలను చుట్టేసింది. నల్లబడిన మానుల నుంచే పిచ్ పైన్ మళ్ళీ పచ్చటి కొమ్మలు వేస్తుంది. ఈ చెట్టుకు మంట కొత్త కాదు.

పటాలు: ఒకటి చాలదు

ఫోనులో దారి చూపే యాప్‌లు ఈ అడవిలో రెండు రకాలుగా మోసం చేస్తాయి. ఎప్పుడో మూసుకుపోయిన బాటను రోడ్డుగా చూపిస్తాయి, ఉన్న దారిని చూపించవు. అందుకే రెండు మూడు పటాలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. అమెరికా భూగర్భ సర్వే సంస్థవారి 1:24,000 పటాల్లో 'అట్సియన్' పేరుతో ఒకటి ఉంది. దాన్ని ఉచితంగా దింపుకోవచ్చు. దానిలో ఒక అంగుళం నేల మీద 2,000 అడుగులు. రెండోది ఉపగ్రహ చిత్రం. ఆకులు రాలిన కాలంలో తీసినది అయితే ఇసుక దారులు తెల్లటి గీతల్లా తెలుస్తాయి. మూడోది లైడార్ నీడల చిత్రం. విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిచి, చెట్లను తీసేసి వట్టి నేల ఎలా ఉంటుందో చూపించే పటం ఇది. పొదలు కప్పేసిన పాత బండ్ల బాటలు కూడా దీనిలో సన్నటి గాడిలా బయటపడతాయి. కాల్‌టోపో లాంటి వెబ్‌సైట్లలో ఈ పొరలన్నీ ఒకదాని మీద ఒకటి వేసి చూసుకోవచ్చు.

మూడింటిలోనూ కనిపించే దారి నిజంగా ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కదానిలోనే కనిపిస్తే ఉండకపోవచ్చనే అనుకోవాలి.

మీరు అనుకున్న దారిని కాగితం మీద గీసుకుని, ప్రతి చీలిక దగ్గరా ఒక అంకె వేయండి. పక్కన ఎటు తిరగాలో, అక్కడి నుంచి తర్వాతి చీలికకు ఎంత దూరమో రాయండి. ఆ కాగితం జిప్ సంచిలో, జేబులో ఉండాలి. అదే పటాన్ని ఫోనులో కూడా నెట్ లేకుండా తెరుచుకునేలా దింపుకోవాలి. అడవి లోపల సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

దిక్సూచి, 12 డిగ్రీల సంగతి

ఇల్లు కొనేటప్పుడు తూర్పు ముఖమా కాదా అని వాకిట్లో ఫోను పట్టుకుని తిరగడం మనవాళ్ళకు అలవాటే. ఆ పరిజ్ఞానం ఇక్కడికి కొంతే పనికొస్తుంది. దక్షిణ జెర్సీలో అయస్కాంత సూది అసలు ఉత్తరానికి సుమారు 12 డిగ్రీలు పడమరగా చూపిస్తుంది. సరిచేసుకోకుండా సూదిని నమ్మి నడిస్తే ప్రతి కిలోమీటరుకూ 200 మీటర్లకు పైగా పక్కకు పోతారు. పొదల్లో ఆ దూరం అంటే వెతుకుతున్న దారి పక్క నుంచే దాటిపోవడం.

లెక్క తేలికే. పటం మీద కొలిచిన కోణానికి 12 కలిపితే దిక్సూచి మీద పట్టుకోవాల్సిన కోణం వస్తుంది. మంచి దిక్సూచుల్లో ఈ తేడాను ముందే బిగించి పెట్టుకునే ఏర్పాటు ఉంటుంది. ఫోనులో అసలు ఉత్తరాన్ని చూపించే ఎంపిక ఉంటే అప్పుడు 12 కలపకూడదు. ఏది ఎంచుకున్నారో బయలుదేరే ముందే చూసుకోండి.

ఇక గండం గడిపే దిశ ఒకటి ముందే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. మన త్రికోణంలో అది ఈశాన్యం. అసలు ఈశాన్యం 45 డిగ్రీలు, దిక్సూచి మీద 57. లోపల ఎక్కడున్నా ఆ దిశ పట్టుకుంటే క్వేకర్ బ్రిడ్జ్ రోడ్డు గానీ, మరీ దక్షిణానికి పోయి ఉంటే బాట్‌స్టో నది గానీ తగలాల్సిందే. భయం పట్టుకున్నాక ఆలోచించి తేల్చుకునే విషయం కాదిది.

ఎప్పుడు వెళ్ళాలి?

నవంబరు నుంచి మార్చి దాకా. ఆకులు రాలి చూపు దూరం పోతుంది, దోమలు ఉండవు, పిడుదులు (టిక్స్) తగ్గుతాయి. పగలు చిన్నదవడం ఒక్కటే లోటు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక సూర్యాస్తమయం ఒక్కసారిగా ఐదు లోపుకు వచ్చేస్తుంది, డిసెంబరు మొదట్లో నాలుగున్నర దాటగానే పొద్దు గుంకుతుంది.

ఇదే వేట కాలం కూడా. ఇక్కడ జింకల వేట చట్టబద్ధం, డిసెంబరు మొదట్లో తుపాకుల వేట ముమ్మరంగా ఉంటుంది. న్యూజెర్సీలో ఆదివారాలు తుపాకీ వేటకు చాలావరకు అనుమతి లేదు కాబట్టి ఆదివారమే మేలు. అయినా ఆ ఏటి వేట క్యాలెండరు ఒకసారి చూసుకుని, మెరిసే నారింజ రంగు చొక్కా వేసుకుని వెళ్ళండి. గోధుమ రంగు, తెలుపు వద్దు. జింక తోక కింద తెల్లగా ఉంటుంది.

చలికాలం చివర్లో అటవీ సిబ్బంది కావాలనే చిన్న మంటలు పెట్టి ఎండు పొదలను కాల్చేస్తారు. పొగ కనిపిస్తే అటు వెళ్ళకూడదు. మార్చి నడిమి నుంచి మే నడిమి దాకా కార్చిచ్చు ముప్పు ఎక్కువ. మంటలు వేగంగా పాకే వాతావరణం ఉందని చెప్పే ఎర్ర జెండా హెచ్చరిక (రెడ్ ఫ్లాగ్ వార్నింగ్) ఉన్న రోజున ఈ అడవి ఊసే ఎత్తొద్దు.

జులై అంటే అడవి బ్లూబెర్రీలు, హకుల్‌బెర్రీలు పండే నెల. వాటి రుచికి ఆశపడి వెళ్ళేవాళ్ళను నేను ఆపను. కానీ ఆ నెలలో గుర్తుల్లేని దారుల్లోకి దిగకుండా, వెడల్పాటి రోడ్డు అంచునే ఏరుకుంటే చాలు.

సంచిలో ఏముండాలి?

మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్ళు. ఇక్కడి వాగుల్లో నీళ్ళు డికాషన్ రంగులో ఉంటాయి. సెడార్ చెట్ల నుంచి దిగే టానిన్లు, నేలలోని ఇనుము కలిసి ఆ రంగు తెస్తాయి. రంగు వల్ల కాదు గానీ, వడగట్టకుండా, మరగించకుండా ఏ వాగు నీళ్ళూ తాగకూడదు. తిండికి పులిహోర కంటే మంచిది నాకు తెలియదు. చల్లారినా బాగుంటుంది, సాయంత్రం దాకా చెడదు. పెరుగన్నం ఇంట్లో తినండి.

వీటితో పాటు తలకు కట్టుకునే దీపం, ఈల, వానకోటు, ఒక వెచ్చటి పొర, అగ్గిపెట్టె, ఫోనుకు అదనపు బ్యాటరీ, మొన సన్నగా ఉన్న పట్టకారు, అదనంగా ఒక జత మేజోళ్ళు. దీపం మాత్రం పగటి నడకే కదా అని వదిలేయవద్దు. బూట్లు చీలమండను కప్పేవైతే మంచిది, ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోవాలి. చూడటానికి బాగోదు. పిడుదులకు కూడా నచ్చదు.

కారు విషయం ఒక మాట. ఇక్కడి ఇసుక మెత్తటిది, చక్రాలు దిగబడతాయి. మామూలు కారుతో తారురోడ్డు లేదా గట్టి నేల ఉన్న పార్కింగ్ దాటి ముందుకు పోకండి. ఇసుకలో దిగిన కారును బయటికి లాగించే ఖర్చుతో ఒక వారాంతం హోటల్లో గడపవచ్చు.

బయలుదేరే ముందు

ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వాలి. కారు ఎక్కడ ఆపుతున్నారు, ఏ హద్దుల మధ్య నడుస్తున్నారు, ఎన్ని గంటలకు ఫోను చేస్తారు, చేయకపోతే ఎన్ని గంటలకు 911కు చెప్పాలి. వాట్సాప్ గుంపులో పెట్టిన కబురు దీనికి పనికిరాదు. పాతికమంది చూసినదానికి ఎవరూ బాధ్యులు కారు. ఒక్కరికే చెప్పి, ఆ ఒక్కరి చేత మాట తీసుకోండి.

వెనక్కి తిరిగే వేళ కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఇసుకలో గంటకు రెండు మైళ్ళే లెక్క వేసుకోండి. దారి వదిలి పొదల్లోకి దిగితే గంటకు అర మైలు సాగితే గొప్ప. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు కారు దగ్గర ఉండేలా వెనక్కి లెక్క కట్టి, ఆ వేళకు ములికా తగలకపోయినా వచ్చిన దారినే తిరిగిపోవాలి.

నడకలో: చీలిక దగ్గర ఆగి చూడటం

ఈ అడవిలో తప్పులన్నీ చీలికల దగ్గరే జరుగుతాయి. ఎడమ దారిలో టైరు జాడలు తాజాగా ఉంటాయి, ఇసుక తెల్లగా లేచి ఉంటుంది. కుడి దారి మీద పైన్ సూదులు పరుపులా పడి ఉంటాయి, మధ్యలో చీలమండ ఎత్తు పొదలు మొలిచి ఉంటాయి. కాలు తనంతట తానే ఎడమకు పోతుంది. అక్కడ ఆగాలి. వంగి చూస్తే కుడి దారి నేల చుట్టుపక్కల కంటే ఒక జానెడు లోతుగా ఉంటుంది, రెండు అంచులా సన్నటి గట్టు కనిపిస్తుంది. లోపల మొలిచిన పైన్ మొక్కలన్నీ ఒకే ఎత్తులో, పక్కనున్న చెట్ల కంటే చాలా చిన్నవిగా ఉంటాయి. అది పాత బండ్ల బాట. ఎడమది ఎవరో జీపుతో నిరుడు తొక్కి వెళ్ళినది కావచ్చు, ఏ నీటి గుంట దగ్గరో ముగిసిపోవచ్చు. జాడ తాజాగా ఉందని అది సరైన దారి కాదు.

ప్రతి చీలిక దగ్గరా మూడు పనులు చేయాలి. కాగితం మీది అంకెతో, రాసుకున్న దూరంతో సరిపోల్చాలి. ఎంచుకున్న దారి ఏ దిశకు పోతోందో దిక్సూచితో చూడాలి. ఇరవై అడుగులు పోయాక వెనక్కి తిరిగి, ఆ చీలిక తిరుగు ప్రయాణంలో ఎలా కనిపిస్తుందో ఫోటో తీయాలి. ఈ మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. వచ్చిన దారినే పోతున్నా అడవి ముఖం మారిపోతుంది.

దూరం కొలవడానికి అడుగులు లెక్కపెట్టడం పాత పద్ధతే, కానీ ఇంకా పనిచేస్తుంది. ఎడమ కాలు నేల తాకినప్పుడల్లా ఒకటి అనుకుంటే సుమారు 1,000కి ఒక మైలు. ఇసుకలో అడుగు చిన్నదవుతుంది కాబట్టి 1,100 దాకా పట్టవచ్చు. క్వేకర్ బ్రిడ్జ్ రోడ్డు మీద నడిచే మొదటి మైలులోనే, ఫోనులో దూరం చూసుకుంటూ మీ లెక్క తేల్చుకోండి.

దారి మాయమైతే

మాయమవుతుంది. అలాంటి చోట ముందుకు తోసుకుపోవడం కంటే, చివరిసారి నిస్సందేహంగా దారి మీద ఉన్న చోటికి తిరిగి రావాలి. అక్కడ సంచి గానీ రంగు గుడ్డ గానీ గుర్తుగా పెట్టి, అది కనిపించేంత దూరంలోనే ఒక్కొక్క వైపూ వెళ్ళి చూడాలి. దారి దొరికాక గుడ్డ తీసుకోవడం మరిచిపోవద్దు. చెట్లకు రిబ్బన్లు కట్టి వదిలేసేవాళ్ళు తర్వాత వచ్చేవాళ్ళను కూడా తప్పుదారి పట్టిస్తారు.

తెల్ల సెడార్లు దట్టంగా, చీకటిగా కనిపించాయంటే ముందు చిత్తడి ఉంది. అడుగున మెత్తటి నాచు, దాని కింద నీళ్ళు, ఎంత లోతో చెప్పలేం. చుట్టూ తిరిగి పోవాలే తప్ప అడ్డంగా దాటే ప్రయత్నం చేయకూడదు. అంచున నిలబడి చూస్తే పురుగులను తినే పిచ్చర్ మొక్కలు కనిపించవచ్చు. చూసి వదిలేయండి. అలాగే పాత ఊళ్ళ దగ్గర దొరికే గాజు ముక్కలు, ఇనుప కొలిమి చిట్టెం కూడా అక్కడే ఉండాలి.

ఎండ కాసే రోజుల్లో ఇసుక మీద పాము అడ్డంగా పడుకుని ఉంటే, అది టింబర్ రాటిల్‌స్నేక్ కావచ్చు. విషం ఉన్నదే, కానీ ఈ రాష్ట్రంలో అంతరించే ప్రమాదంలో ఉన్న జీవి, చట్టం కాపాడుతోంది. ఆరేడు అడుగులు దూరంగా చుట్టి పోతే దాని దారిన అది, మీ దారిన మీరు.

ఎక్కడున్నారో అసలు తెలియకపోతే ముందు కూర్చోండి. నీళ్ళు తాగి, ఏదైనా తిని, పది నిమిషాలయ్యాక పటం తీయండి. పొద్దు ఇంకా చాలా ఉంటే 57 డిగ్రీలు పట్టుకుని ఈశాన్యానికి నడవండి. చిత్తడి అడ్డొస్తే పక్కకు తిరిగి మళ్ళీ అదే కోణం. పొద్దు లేకపోయినా, దెబ్బ తగిలినా నడవకండి. తెరిపి ఉన్న ఇసుక మీద ఆగి, 911కు ప్రయత్నించి, మాట పోకపోతే సందేశం పంపి, మూడేసి సార్లు ఈల వేస్తూ ఉండండి. కదలకుండా ఉన్న మనిషిని వెతకడం తేలిక.

తిరిగి వచ్చాక: పిడుదుల పని

ఇక్కడి అడవిలో పాముకంటే, పిచ్చి దారులకంటే భయపడాల్సింది పిడుదుకే. జింక పిడుదు లైమ్ జబ్బు అంటిస్తుంది. దాని పిల్ల ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు, ఒంటి మీద మచ్చనుకుని వదిలేస్తాం. ఇంకొకటి లోన్ స్టార్ పిడుదు, ఆడదాని వీపు మీద తెల్లటి చుక్క ఉంటుంది. ఇది కుట్టినవాళ్ళలో కొందరికి మేక, గొర్రె, గొడ్డు మాంసం పడని అలర్జీ వస్తుంది. తిన్న రెండు నుంచి ఆరు గంటల తర్వాత దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చే లక్షణాలు కనిపిస్తాయి. కోడి, చేప పడతాయి గానీ మటన్ బిర్యానీకి శాశ్వతంగా స్వస్తి చెప్పాల్సి రావచ్చు. చలికాలంలో పిడుదులు తక్కువే తప్ప లేకపోవు. గడ్డ కట్టని వెచ్చటి రోజుల్లో జింక పిడుదు తిరుగుతూనే ఉంటుంది.

ముందుగానే బూట్లకు, ప్యాంటుకు పెర్మెత్రిన్ అనే పురుగుమందు చల్లి ఆరబెట్టుకోవాలి. అది బట్టలకే, ఒంటికి కాదు. ఒంటికి పురుగులను దూరంగా ఉంచే డీట్ ఉన్న మందు. ఇంటికి రాగానే వేసుకున్న బట్టలను ఉతకక ముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పితే వాటిలోని పిడుదులు చస్తాయి. తడి బట్టలైతే ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది. తర్వాత స్నానం చేస్తూ మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుము చుట్టూ, చెవుల వెనక, జుట్టులో వేళ్ళతో తడిమి చూడాలి. మీ వీపు ఇంకొకరు చూడాలి.

అంటుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. కిరసనాయిలు, నెయిల్ పాలిష్, అగ్గిపుల్ల లాంటి చిట్కాలు వద్దు. లైమ్ అంటుకోవడానికి సాధారణంగా 24 గంటలకు పైగా అది పట్టుకుని ఉండాలి కాబట్టి అదే సాయంత్రం తీసేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. తీసిన తేదీ రాసి పెట్టుకోండి. ఆ తర్వాత నెలరోజుల్లో జ్వరం, కీళ్ళ నొప్పులు, మెల్లగా పెద్దదయ్యే ఎర్రటి మచ్చ ఏది కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్ళి, మొదటి మాటగా పైన్ అడవిలో నడిచి వచ్చామని చెప్పండి.